పలక మనది, రూలు వాళ్లది

మార్కాపురం అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది పలక. ఆ రాయిని తవ్వి, పొరలుగా చీల్చి, కోసి, నున్నగా చేసి, చట్రం బిగిస్తేనే ఊరూరా పిల్లలు అ ఆలు దిద్దారు. ఆ పలకలు చేసిన చేతుల్లో పిల్లల చేతులూ ఉన్నాయి. 1987లో జాతీయ బాలకార్మిక విధానం వచ్చినాక, దాని కింద మొదట ఎంచుకున్న కొద్ది పరిశ్రమల్లో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. పలక చేసే పిల్లవాడికి పలక పట్టుకునే తీరిక లేకుండా పోయింది. బడికి ఎవరు రావాలి, వస్తే ఎక్కడ కూర్చోవాలి అనే రూలు మాత్రం ఎప్పుడూ ఇంకొకళ్లే రాశారు.

ఆ రూలు మీద విద్యార్థుల నిరసనల చరిత్ర చెప్పుకోవాలంటే ఈ ప్రాంతంలోనే మొదలుపెట్టొచ్చు. అయితే ఇక్కడి పాత నిరసన ఒకటి మనవాళ్లు చేసింది కాదు, మనవాళ్ల మీద చేసింది.

1866 సెప్టెంబరులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉంది, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉన్నాయి. అన్నీ కలిసి ఒక జిల్లా అయింది 1970లోనే. ఒంగోలులో బ్రాహ్మణ కుటుంబాలు తమ పిల్లలకు దొర చదువు కావాలనుకున్నాయి. ఇంతలో తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ మనిషి, చుట్టుపక్కల పల్లెల్లో తనవాళ్లను కూడగట్టాడు. మాదిగలు మిషన్లోకి వస్తామన్నారు. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు బడికి రారని బ్రాహ్మణులు తేల్చి చెప్పారు. క్లౌ మాదిగల వైపు నిలబడ్డాడు. వాళ్ల పిల్లలు బడి మానేశారు.

కర్ర లేదు, రాయి లేదు. ఇదీ శాంతియుత నిరసనే! దాన్ని క్రమశిక్షణ తప్పడం అని ఎవరూ అనలేదు, ఆచారం అన్నారు. 1878 జూలై 3న ఒంగోలు ఉత్తరాన వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపి కిందికి దిగే ఏరే అది. ఆ లెక్కను మిషన్ చరిత్రలు ఎన్నిసార్లు రాశాయో! బడి మానేసిన పిల్లల సంగతిని మాత్రం తొందరగా దాటిపోతారు. నా లెక్కలో ఈ రెండోదే పెద్ద సంగతి. ఎందుకంటే బడి అందరిదీ అయితే ఆ బడే వద్దనుకునే గుణం అక్కడ బయటపడింది.

ఈ గుణం మన దేశానికే పరిమితం అనుకోనక్కర్లేదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని ఫార్మ్‌విల్లో 1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల నల్లమ్మాయి తన హైస్కూలు పిల్లలందరినీ బయటికి నడిపించింది. తారు కాగితపు షెడ్లలో చదువు చెబుతుంటే సరైన భవనం కట్టమన్నారు, అంతే. ఆ కేసు 1954 నాటి బ్రౌన్ తీర్పులో కలిసింది. నల్లపిల్లలను పక్కన కూర్చోబెట్టాల్సి వస్తుందని ఆ కౌంటీ వాళ్లు 1959 నుంచి 1964 దాకా ప్రభుత్వ బడులన్నీ మూసేశారు. ఒంగోలులో పిల్లల్ని మాన్పించారు, అక్కడ ఏకంగా బడికే తాళం వేశారు.

చట్టం మారినాక బడి తలుపు తెరుచుకుంది. గీత మాత్రం లోపలికి వచ్చి కూర్చుంది. అంబేద్కర్ చిన్నప్పుడు ఇంటినుంచి గోనెపట్టా తెచ్చుకుని విడిగా కూర్చున్నాడు. ప్యూను వచ్చి నీళ్లు పోస్తేనే దాహం తీరేది. ఇది ఏ రూలు పుస్తకంలోనూ రాసిలేదు. రాయని రూలు మీద అర్జీ ఎక్కడ పెట్టాల? మన పిల్లలు చదువుకున్నది సాంఘిక సంక్షేమ హాస్టళ్ల పుణ్యమా అనే. అన్నంలో పురుగులొస్తే ఆ పిల్లలే ప్లేట్లు పట్టుకుని రోడ్డుమీద కూర్చోవడం ఈ రాష్ట్రంలో చూడనివాళ్లు లేరు. అప్పుడు ముందు అడిగేది అన్నం సంగతి కాదు. పర్మిషన్ లేకుండా గేటు ఎందుకు దాటారు అని.

ఈ హాస్టళ్లలోంచి వచ్చిన పిల్లలు యూనివర్సిటీ దాకా పోయినా కథ మారలేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2002 జనవరిలో హాస్టలు మెస్‌ల నిర్వహణ దగ్గర గొడవ మొదలై పది మంది దళిత విద్యార్థులను బహిష్కరించారు. అప్పటి చీఫ్ వార్డెనే 2015లో వైస్ ఛాన్సలర్‌గా వచ్చాడు. ఆ ఏడాది ఆగస్టులో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కూ ఏబీవీపీకీ మధ్య తగాదా అయింది. దాడి జరిగిందని వాళ్లు, జరగలేదని వీళ్లు. తేల్చాల్సిన సంగతే, కాదనను. కానీ డిసెంబరులో ఐదుగురు పరిశోధక విద్యార్థులకు వేసిన శిక్ష ఎట్లా ఉందో చూడండి. క్లాసుకు, లైబ్రరీకి, సెమినారుకు రావచ్చు. హాస్టల్లో ఉండకూడదు. పాలనా భవనంలోకి, నలుగురూ తిరిగే చోట్లకు గుంపుగా పోకూడదు. విద్యార్థి సంఘం ఎన్నికల్లో నిలబడకూడదు.

మన పల్లెల్లో పుట్టినవాళ్లకు దీనికి భాష్యం అక్కర్లేదు. పొలంలో పనికి రావచ్చు, రచ్చబండ ఎక్కకూడదు, ఊరి బావి ముట్టకూడదు. ఊళ్లో మాటమీద నడిచే రూలును ఆఫీసు కాగితం మీద టైపు చేశారంతే.

2016 జనవరి 3న ఆ ఐదుగురు పరుపులు భుజాన వేసుకుని, అంబేద్కర్ పటం పట్టుకుని హాస్టలునుంచి బయటికొచ్చారు. క్యాంపస్ నడిబొడ్డున షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర గుడారం వేసి, చలిలో అక్కడే పడుకున్నారు. దానికి వాళ్లు పెట్టిన పేరు వెలివాడ. ఆ పేరు పెట్టడంలోనే పోరాటమంతా ఉంది. వెలి అనేది ఎప్పుడూ ఊరవతల, కంటికి కనబడని చోట జరుగుతుంది. వీళ్లు దాన్ని మోసుకొచ్చి అందరూ టీ తాగే చోట పెట్టారు. ఆర్డరును ఎదిరించారా, పాటించారా అంటే రెండూ చేశారు. బయట ఉండమన్నారు, అందరూ చూసేటట్టు బయట ఉన్నారు.

ఈ పద్ధతి మన ప్రాంతానికి కొత్త కాదు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను చంపితే, మిగిలినవాళ్లు ఊరొదిలి చీరాలలో శిబిరం వేసుకుని కూర్చున్నారు. మంచినీళ్ల చెరువు మలినం చేయడాన్ని అడ్డుకున్న కాడ మొదలైన గొడవ అది. పోలీసు కాపలా ఇస్తాం, తిరిగి పొమ్మంటే పోలేదు. సెప్టెంబరులో చీరాలలోనే దళిత మహాసభ పుట్టింది. బాధితులు చెదిరిపోకుండా ఒకచోట కనబడుతూ కూర్చుంటే రాజ్యానికి ఎంత ఇబ్బందో ఆ శిబిరం చూపించింది. వెలివాడలో కూర్చున్న పిల్లలు కారంచేడు నాటికి పుట్టారో లేదో. అయినా ఆ శిబిరం సంగతి దళిత ఉద్యమంలోకి వచ్చినవాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

వెలివాడకు పద్నాలుగు రోజులు దాటినా యాజమాన్యం ఆర్డరు వెనక్కి తీసుకోలేదు. జనవరి 17న ఐదుగురిలో ఒకడైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. దేశమంతా విద్యార్థులు వీధుల్లోకి వచ్చినాక, జనవరి 21న సస్పెన్షన్ ఎత్తేశారు. అది నలుగురికే పనికొచ్చింది.