సికింద్రాబాద్‌లో ఐర్లండు, స్కాట్లండు జాడలు

సికింద్రాబాద్, మూడవ నిజాం సికందర్ జా పేరిట 1806లో వెలసిన కంటోన్మెంటు పట్టణము. బ్రిటిషు సేనల వెంట వచ్చిన ఐర్లండు, స్కాట్లండు వారి గుర్తులు కొన్ని ఇక్కడ నేటికీ ఉన్నవి. వీపున సంచి తగిలించుకొని చారిత్రక నగరాలు చూచే యాత్రికులు వీటిని ఒక్క పూటలో చూడవచ్చును.

రైల్వే స్టేషను నుండి కాలినడకన చేరగలిగినది సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ చర్చి. ఐర్లండులోని కార్క్ ప్రాంతీయుడు డేనియల్ మర్ఫీ (1815-1907) నిర్మింపజేసిన ఈ చర్చి 1850లో పూర్తయినది. ఆయన తరువాత టాస్మేనియాలోని హోబార్టుకు ఆర్చిబిషప్ అయ్యాడు. 2008లో ఈ చర్చికి బసిలికా హోదా లభించినది.

బేగంపేటలో సర్ రోనాల్డ్ రాస్ స్మారక భవనము ఉన్నది. స్కాట్లండు మూలాలు గల కుటుంబమువాడైన రాస్ జన్మస్థలము అల్మోరా. ఇతడు స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ మాన్సన్‌తో ఉత్తరాల ద్వారా సంప్రదిస్తూ, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో అనాఫిలిస్ దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. వ్యాధి దోమకాటు ద్వారా సంక్రమించే తీరును మాత్రము 1898లో కలకత్తాలో పక్షులపై ప్రయోగాలతో నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ దోమచేత కుట్టించుకొన్న రోగి హుసేన్ ఖాన్. అతనికి ముట్టినది దోమకొక అణా. రాస్ పేరు తెలిసినంతగా ఇతని పేరు జనులకు తెలియదు.