అయిదేళ్ళు, తొమ్మిది అవకాశాలు

సుమారు ఇరవై ఏళ్ళ కిందట, కువైట్‌లో మా గదిలో ఒక కడప కుర్రాడు ఉండేవాడు. పగలు కిరాణా కొట్లో సరుకు సర్దడం, రాత్రి మంచం కింది పెట్టెలోంచి ఓపెన్ స్కూల్ అకౌంటెన్సీ పుస్తకం తియ్యడం. పదో తరగతితో విమానం ఎక్కినవాడు. కొట్లో లెక్కలు రాసే కుర్చీ మీద వాడి కన్ను.

ఆ పుస్తకానికీ ఒక కథ ఉంది. మన దేశంలో 1962లోనే ఢిల్లీ విశ్వవిద్యాలయం పోస్టులో పాఠాలు పంపింది. అయితే అది డిగ్రీవాళ్ళకి. ఇంటర్ లేనివాడికి ఆ గడప అందదు. 1979లో సీబీఎస్ఈ ఒక ప్రాజెక్టుగా ఓపెన్ స్కూల్ మొదలుపెట్టింది. 1989లో అది విడి సంస్థయింది. నా దృష్టిలో అసలు మలుపు 1990. డిగ్రీకి ముందు మెట్టు దాకా పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చే అధికారం ఆ యేడు వచ్చింది. (2002లో ఎన్ఐఓఎస్ అని పేరు మార్చారు. మాకు మాత్రం ఓపెన్ స్కూలే.) తర్వాత గల్ఫ్‌లోనూ కేంద్రాలు వెలిశాయి.

ఒకసారి చేరితే అయిదేళ్ళు, తొమ్మిది అవకాశాలు. పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయక్కర్లేదు. కఫీల్ దయ మీద సెలవు దొరికేవాడి కోసమే రాసినట్టుంటుంది ఆ నిబంధన!

మావాడు బిజినెస్ స్టడీస్ మొదటిసారే గట్టెక్కాడు. అకౌంటెన్సీ రెండుసార్లు తన్నింది. అరువు తీసుకున్నవాడి ఖాతా డెబిట్ ఎందుకో వాడికి ఎక్కేది కాదు. "మీ కొట్టు అరువు పుస్తకంలో ఉండేది అదేరా" అన్నాక తేటపడింది. తీరా మూడోసారి పరీక్షనాడే కొట్లో స్టాకు లెక్క. సెలవు ఇవ్వలేదు.

"ఇంకా ఆరున్నాయి గదన్నా" అన్నాడు, పుస్తకం పెట్టెలో పెడుతూ.