తల్లి పేరు గల విమానము

కుమారుడు తల్లి పేరును నిలుపుటకు అనేక మార్గములు కలవు. అమెరికా వైమానిక సేనాని పాల్ టిబ్బెట్సు తన తల్లి పేరును ఒక బాంబు విమానమునకు పెట్టెను. ఆమె పేరు ఎనోలా గే. 1945 ఆగస్టు 5వ తేదిని ఆ పేరును చోదకుని కిటికీ క్రింద వ్రాసిరి. మరునాటి రాత్రి తెల్లవారకమునుపే ఆ బీ-29 విమానము పండ్రెండుగురితో టినియను ద్వీపమును విడిచి, ఉదయము 8 గంటల 15 నిమిషములకు హిరోషిమాపై అణుబాంబును వదలెను. ఆ సంవత్సరాంతమునకు మరణించినవారు ఇంచుమించు 1,40,000 మంది యని ఆ నగరమువారి యంచనా.

1949లో ఈ విమానమును స్మిత్‌సోనియను సంస్థవారి కప్పగించిరి. వారికి దీనిని నిలుపుటకు తగిన చోటు లేకపోయెను. పెక్కేండ్లు ఆరుబయట ఎండకెండి వానకు తడిసెను. పక్షులు గూళ్లు కట్టెను. జ్ఞాపకార్థమని చేతికందిన భాగములను కొందరు ఊడబెరికికొనిపోయిరి. 1960లో దీనిని విడదీసి, పిదప భాగములను కొట్లలో దాచిరి. 1984లో గాని బాగుసేత మొదలు కాలేదు.

లోహమును తోముట శ్రమయేగాని దానికి దారి తెలియును. ప్రక్కన నేమి వ్రాయవలెనన్నదే చిక్కు. ఏబదియేండ్లు నిండిన 1995లో జరుపదలచిన ప్రదర్శనమునకై, హిరోషిమానుండి ఒక పాఠశాల బాలిక మధ్యాహ్నభోజనపు డబ్బాను తెప్పించి చూపవలెనని మ్యూజియమువారు తలపెట్టిరి. అందలి అన్నమును బటానీలును బొగ్గైపోయినవి. యుద్ధమున పాల్గొన్న వృద్ధులకు ఇది సమ్మతము కాలేదు. జపాను సేనలు చైనాయందును ఇతరత్రను చేసిన ఘోరములు మరుగుపడుననియు, బాంబు పడనిచో జపాను తీరమున దిగి తామే చావవలసియుండెననియు వారు వాదించిరి. వారి మనస్తాపము కల్పితము కాదు. ఐనను, ఒక బిడ్డ అన్నపు డబ్బాను చూచినంతమాత్రమున జనులు సైనికుల త్యాగమును మరతురని వారేల యెంచిరో నాకు బోధపడదు. శాసనసభయైన సెనేటు సైతము ఆక్షేపించెను. 1995 జనవరిలో ఆ ప్రయత్నమును మానిరి. మేలో అధ్యక్షుడు మార్టిన్ హార్విట్ రాజీనామా చేసెను. పిమ్మట విమానపు ముందు భాగమును మాత్రము చూపగా ఇంచుమించు 40 లక్షలమంది వచ్చి చూచిరి. ఆ వేసవియందే అదే నగరమందలి అమెరికను విశ్వవిద్యాలయమున హిరోషిమా వస్తువులు కొన్ని వేరుగ ప్రదర్శింపబడెను.

2003లో వర్జీనియాలోని క్రొత్త మ్యూజియమున విమానమును సంపూర్ణముగ నిలిపిరి. ప్రక్కనున్న పలకపై దాని నిర్మాణవిశేషములును కొలతలును ఉండెను. మృతుల సంఖ్య లేదు. దానిని చేర్పుడని పండితులును, హిరోషిమాలో బ్రదికి బయటపడిన వృద్ధులును కోరగా, ఇచటి విమానములన్నిటికిని ఒకటే పద్ధతియని అధికారులు బదులు చెప్పిరి.