ఆంధ్ర క్రైస్తవుల నిత్యజీవనమున దైవస్తుతి



మా నరసరావుపేట చేరువను కోటప్పకొండ యున్నది. మహాశివరాత్రినాడు ఊరూరనుండి ప్రభలు గట్టుకొని జనులు త్రికూటేశ్వరుని గొనియాడుచు నచ్చటికి బోవుదురు. కారెంపూడిలో నేటేట పల్నాటి వీరుల యారాధన జరుగును. వేలుపును, వీరుని పాటలో నిలుపుకొన్న సీమ మాది. ఇట్టి సీమలో నూటడెబ్బది యేండ్లకు పైగా మఱియొక స్తుతియు వినవచ్చుచున్నది. అది తిరునాళ్లకై వేచియుండునది కాదు. తెల్లవారుజామున నొకమారు, దీపములు పెట్టు వేళ నొకమారు, ఇంటిల్లిపాదియు గూర్చుండి పాడుకొనునది. అదియే క్రైస్తవుల నిత్యస్తుతి. అది మన తెలుగునేలపై నెట్లు వేరూనెనో, సామాన్యుని బ్రదుకున కేమి చేసెనో నేడు మనవి చేసెదను.

మొదట స్తుతియనగా నేమో విచారింతము. కావలసినదానిని వేడుకొనుట ప్రార్థన. ఏమియు గోరక దైవము యొక్క గుణములను దలచి కొనియాడుట స్తుతి. నవవిధభక్తులలో మన పెద్దలు శ్రవణము వెంటనే కీర్తనమును జెప్పిరి. క్రైస్తవుల వేదమునందలి కీర్తనల గ్రంథమున నూటయేబది కీర్తనలున్నవి. హెబ్రీ భాషలో దాని పేరునకు స్తుతులని యర్థము. విచిత్రమేమనగా, ఆ గ్రంథమున సంతోషగీతములతోపాటు కన్నీటి మొఱలును బెక్కులున్నవి. అయినను మొత్తమునకు స్తుతులనియే పేరు పెట్టిరి. అపొస్తలుడగు పౌలును, ఆయన సహచరుడగు సీలయు దెబ్బలు తిని, కాళ్లకు బొండ వేయబడి, ఫిలిప్పీ చెఱసాలలో నడురేయి దేవుని గీర్తించిరని యపొస్తలుల చరిత్ర చెప్పుచున్నది. సుఖము గలిగినప్పుడు చేయు కృతజ్ఞత మాత్రమే స్తుతి కాదని దీనివలన దెలియును. కష్టకాలమునందును మానరానిది గనుకనే యది నిత్యకృత్యమైనది.

ఐనచో, ఏ భాషలో స్తుతింపవలెను? జర్మనీ దేశమున మార్టిన్ లూథరు ఈ ప్రశ్నకు, జనుల యింటిభాషలోనే యని బదులు చెప్పెను. ఆయన గీతములతో జర్మను పాటల పుస్తకములు 1524లో వెలువడెను. తెలుగున నీ పని మెల్లగా సాగినది. 1805లో లండను మిషనువారు విశాఖపట్టణమున దిగిరి. 1818లో శ్రీరామపురమునుండి తెలుగు క్రొత్తనిబంధన యచ్చయి వచ్చెను. కాని గ్రంథము వేఱు, గొంతు వేఱు. పాశ్చాత్యుల పాటలను దెనిగించి వారి వరుసలలోనే పాడించినప్పుడు తెలుగు మాట నలిగిపోయెడిది. మన భాషలో నర్థము గురులఘువుల మీద నిలుచును. పరదేశపు వరుస తన యిచ్చవచ్చినచోట హ్రస్వమును సాగదీసి దీర్ఘమును గుదించును. అట్టి పాటను జనులు గౌరవముతో వినగలరే కాని, దంపుచు, విసరుచు బాడుకొనలేరు.

ఈ కొఱతను దీర్చిన మహనీయుడు పురుషోత్తమ చౌదరి. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున, వంగదేశమునుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. 1890లో బరమపదించువఱకును దెలుగువారి నడుమ బోధకుడై సంచరించుచు నూటికి పైగా గీర్తనలు రచించెను. పల్లవి, చరణము, రాగము, తాళము, అన్నియు మన సంప్రదాయములోనివే. అన్నమాచార్యుడు, రామదాసు, త్యాగరాజు నడచిన బాటయందే యాయన క్రీస్తును గొనియాడుచు నడచెను. “ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు” అను పుస్తకమును దెఱచినచో నేటికిని గీర్తనల తలకట్టున రాగతాళముల పేర్లు గానవచ్చును. పల్లవి యొక్క మహిమ యిచ్చట గమనింపదగినది. అది మాటిమాటికి దిరిగివచ్చును. అక్షరము రానివాడును రెండవమారునకు శ్రుతి కలుపును, నాలుగవమారునకు దానే యెత్తుకొనును.

ఇక మా పల్నాటికి వత్తము. అమెరికా లూథరను సంఘమువారు పంపిన హయ్యరు దొర 1842లో గుంటూరు చేరెను. 1849లో గురజాలకు వచ్చి యచ్చట నివసించెను. పిదప నమెరికా బాప్తిస్టు మిషనువారును నరసరావుపేటలో స్థానమేర్పఱచుకొనిరి. ఈ సంఘములలో జేరినవారు మిక్కిలిగా మాలలు, మాదిగలు. పొలములలో గూలి చేసి, తోలుపని చేసి పొట్టపోసికొన్నవారు. ఊరిబడిలో వారికి చోటు లేదు. గుడిలోనికి ప్రవేశము లేదు. దేవుని యెదుట నిలిచి నోరు తెఱచి మాటాడు నధికారమే లేని జనమునకు, నీ నోటి స్తుతి దేవునికి బ్రియమని యొకరు చెప్పుట చిన్న మాటయా? వారికి బుస్తకమునకు ముందు పాటయే వేదమైనది. పాటలోని మాటను గుర్తించుటకై పిల్లలు పలక పట్టిరి.

పాడు నలవాటు వారికి గ్రొత్త కాదనియు జెప్పవలెను. ఒంగోలు ప్రాంతపు మాదిగలలో మొదట 1866లో బాప్తిస్మము పొందిన యెఱ్ఱగుంట్ల పేరయ్య యంతకుముందే యోగిగురువుల నాశ్రయించి సత్యమును వెదకినవాడు. రాత్రివేళ గురువు చుట్టు జేరి తత్త్వములు పాడుకొను నాచార మా పల్లెలలో నదివఱకే యున్నది. పాత్ర పాతదే, అందు బోసిన పాలు క్రొత్తవి.

1876 మొదలు 1878 వఱకు మహాక్షామము వచ్చెను. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగుహాము కాలువ త్రవ్వకములో గొంత భాగమును గుత్తకు బుచ్చుకొని వేలకొలది జనులకు బని కల్పించెను. అన్నమునకై మతము మారుదురను నిందకు వెఱచి, సహాయము జరుగుచున్నంతకాలము బాప్తిస్మములు నిలిపివేసెను. పిదప 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో నొక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ నింద యంతటితో నడగినదని నే ననను. ఎవరి హృదయమున నేమున్నదో చరిత్రకారుడు చూడజాలడు. కాని కాలువపని ముగిసినది, కూలి యాగినది, పాట యాగలేదు. అది మాత్రము చూడవచ్చును.

నా స్వవిషయ మొకటి చెప్పుట కనుమతింపుడు. గురువుల పాదములకడ కావ్యములు, లక్షణగ్రంథములు చదివినవాడనగుటచే, ఉద్యోగము క్రొత్తలో నీ కీర్తనలలో యతి యెక్కడ తప్పినది, సంధి యెక్కడ చెడినది యని యెంచుచుండెడివాడను. ఒకనాటి సాయంకాలము, బడికి రాని విద్యార్థి నొకని వెదకుచు సమీపపు పల్లెకు బోయితిని. అతని తండ్రి మరణించి నెల కాలేదు. ముంగిట వాని నాయనమ్మ మిరపకాయల తొడిమలు దీయుచు స్తుతికీర్తన పాడుచున్నది. ఆమెకు జదువు రాదు. ఇట్టి దుఃఖములో నీ పాట యెట్లు పాడగలుగుచున్నావమ్మా యని యడిగితిని.

“ఇది నా కొడుకు రోజూ పాడిన పాటేనండి పంతులుగారూ. నేను మానేస్తే దేవుడికేం తక్కువ కాదు. ఈ ఇంట్లో వాడి గొంతు కూడా పోద్ది” అనెను.

నాటినుండి నేను యతులు లెక్కించుట మానితిని. ఆ కుఱ్ఱవాడు మఱునాడు బడికి వచ్చెను.

ఈ పల్నాటి సీమయే గుఱ్ఱము జాషువ మహాకవిని గన్నది. ఆయన 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబమున జన్మించెను. 1941 నాటి “గబ్బిలము”న గుడి ప్రవేశము లేని యభాగ్యుడు గుడిలో వ్రేలాడు గబ్బిలముచే గాశీవిశ్వనాథునకు దన మొఱ నంపును. ఆయన “క్రీస్తు చరిత్ర”కు 1964లో సాహిత్య అకాడెమీ బహుమానము లభించెను. ఒక కావ్యమున మొఱ, వేఱొకదాన స్తుతి. కీర్తనల గ్రంథమున వలెనే యీ రెండును నొక్క గొంతునుండి వెలువడినవే.

నేడు మా పట్టణము పల్నాడు జిల్లాకు ముఖ్యస్థానము. 2022లో నా జిల్లా యేర్పడెను. ఆరాధనలయందు బెద్ద వాద్యములు, శబ్దయంత్రములు వచ్చినవి. దానిని నేను దూషింపను. కాని ముంగిట స్తుతి సన్నగిల్లి, వేదిక మీది స్తుతి మాత్రమే మిగిలినచో నష్టము గలదు. వేదికమీద బాడువారు కొందఱు, వినువారు పెక్కండ్రు. ఇంట నందఱును బాడువారే. నోరు లేదనబడినవారికి నోరిచ్చిన యాచారము, వారి మనుమలను మరల వట్టి శ్రోతలుగా జేయరాదు.

మఱియొక మాటతో ముగించెదను. న్యాయము విడిచినవారి పాటలు దేవుని చెవికి వట్టి రొద యని ఆమోసు ప్రవక్త కఠినముగా బలికెను. ఉదయమున స్తుతించి, పగలు కూలివాని కూలి తగ్గించి, రాత్రి మరల స్తుతించుట స్తుతి కాదు. ఉదయపు పాట పగటి పనికి శ్రుతి కావలెను. సాయంకాలపు పాట యా శ్రుతి నిలిచినదా యని సరిచూచుకొనుట కావలెను. దినమున కీ రెండు వేళలను బెద్ద లేర్పఱచుట యిందులకే యని నా విశ్వాసము.