సగం ధరకే పానాల సెట్టు: నిజంగా చవకేనా?

దసరా, దీపావళి రోజులు దగ్గరపడితే బస్తర్‌లోనూ తగ్గింపు ధరల సందడి మొదలవుతుంది. డెబ్బై అయిదు రోజుల పాటు సాగే బస్తర్ దసరాకు జగదల్‌పూర్ చేరే జనానికి హార్డ్‌వేర్ దుకాణాల ముందు కూడా బోర్డులు కనిపిస్తాయి. దుకాణానికి రాని వారిని మొబైల్ తెర పలకరిస్తుంది. నూరు పీసులకు పైగా ఉన్న మెకానిక్ సెట్టు, అరవై శాతానికి మించిన తగ్గింపు, ఈ రోజుతో ఆఖరు అనే ధోరణిలో ఆ ప్రకటనలు సాగుతాయి.

ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు ముగించి గీదం దగ్గరో, సుక్మా దారిలోనో రేకుల షెడ్డు వేసుకొనే యువకుడికి ఇది చిన్న నిర్ణయం కాదు. తొలి పెట్టుబడిలో పెద్ద భాగం పనిముట్లకే పోతుంది. సెట్టు నాసిరకమైతే నష్టం దాని ధరతో ఆగదు. సరిగా పట్టని సాకెట్ నట్టు మూలలను అరగదీస్తుంది. ఆ నట్టును ఉలితో కోయవలసి వస్తుంది. కొత్త నట్టు ఊళ్లో దొరకకపోతే సంతకు సరుకు తీసుకెళ్లవలసిన బండి ఆ రోజంతా షెడ్డులోనే ఉండిపోతుంది. ఖాతాదారు మరోసారి రాడు.

అందువల్ల తగ్గింపు ఎంత అన్నదాని కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ పెట్టెలో తన పనికి వచ్చేవి ఎన్ని, అవి ఎంతకాలం నిలుస్తాయి, ఒకటి పోతే దాని జోడు ఎక్కడ దొరుకుతుంది? ఈ మూడింటికీ సమాధానం దొరికాకే ధర సంగతి తేలుతుంది.

తగ్గింపు శాతం చెప్పని సంగతి

పెట్టెపై ముద్రించే గరిష్ఠ చిల్లర ధరను, అంటే ఎంఆర్‌పీని, నిర్ణయించేది ప్రభుత్వం కాదు. తయారీదారు లేదా దిగుమతిదారు. అన్ని పన్నులూ కలిపి అంతకు మించి అమ్మరాదన్నదే చట్టం పెట్టిన హద్దు. ఆ అంకె వస్తువు విలువకు కొలమానం కాదు. ఎంఆర్‌పీని ఎక్కువగా ముద్రించి, దాని మీద అరవై శాతం తగ్గించినా, మిగిలిన ధర బజారులో మామూలుగా నడిచే ధరే కావచ్చు.

కాబట్టి తగ్గింపు శాతాన్ని పక్కన పెట్టి, చేతి నుంచి వెళ్లే మొత్తాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. అవే పీసులున్న, అదే తరగతి సెట్టు మరో రెండు మూడు చోట్ల ఎంతకు దొరుకుతున్నదో అడిగి తెలుసుకోవాలి. పండుగకు కొన్ని వారాల ముందే ధర రాసిపెట్టుకున్న వారికి అసలు తగ్గింపు ఎంతో సులువుగా తెలుస్తుంది.

పీసుల లెక్కలో మర్మం

సెట్టును అమ్మేది చాలావరకు పీసుల సంఖ్యే. అయితే ఆ లెక్కలో పెద్ద సాకెట్టూ ఒకటే, స్క్రూలకు వాడే గోరంత బిట్టూ ఒకటే. బిట్లు, అలెన్ కీలు తయారు చేయడానికి ఖర్చు తక్కువ. అంకె పెంచడానికి అవే సులువైన మార్గం.

ఉదాహరణకు 108 పీసుల సెట్టు 3,500 రూపాయలకు దొరుకుతున్నదని అనుకుందాం. పైకి చూస్తే పీసుకు సుమారు 32 రూపాయలు. అందులో స్క్రూ బిట్లు 50, అలెన్ కీలు 9, నక్షత్రాకారపు బోల్టులకు వాడే సాకెట్లు 14 ఉంటే మిగిలేవి 35. చిన్న డ్రైవ్‌లో ఒకసారి, పెద్ద డ్రైవ్‌లో ఒకసారి వచ్చిన ఒకే కొలతలు 5 తీసివేస్తే రోజూ చేతికి వచ్చేవి 30. అప్పుడు పీసుకు పడే ధర సుమారు 117 రూపాయలు. పక్కనే పెద్దగా తగ్గింపు లేని మరో సెట్టు 2,700 రూపాయలకు దొరికి, అందులో పనికి వచ్చేవి 27 ఉంటే పీసుకు పడేది 100 రూపాయలే. ప్రకటనలో వెనుకబడిన సెట్టు లెక్కలో ముందుకు వస్తుంది.

ఈ లెక్క వేయడానికి చట్టం కూడా తోడ్పడుతుంది. 2011 నాటి తూనికలు, కొలతల ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం ఒకే ప్యాకెట్లో ఒకటికి మించిన వస్తువులుంటే ఒక్కొక్కదాని పేరు, సంఖ్య ప్యాకెట్ మీద ఉండాలి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదు చేయవలసిన వివరాలు కూడా ఉండాలి. దిగుమతి వస్తువైతే ఏ దేశానిదో చెప్పాలి. మొత్తం పీసుల సంఖ్య తప్ప మరే వివరమూ లేని పెట్టెను అక్కడే వదిలేయడం మేలు.

ఏ బండికి ఏ కొలత

పనికి వచ్చేవి ఎన్నో తేల్చాలంటే షెడ్డుకు ఏ బండ్లు వస్తాయో ముందు తెలియాలి. బస్తర్‌లోని హిందీ దుకాణాల్లో సాకెట్ సెట్టును గోటీ పానా సెట్టు అంటారు. దానిలోని హ్యాండిల్ మొన ఎంత లావు ఉంటుందన్నదే డ్రైవ్. పావు అంగుళం డ్రైవ్ చిన్న స్క్రూలకు, పైకప్పు ప్లాస్టిక్ భాగాలకు సరిపోతుంది. మూడు ఎనిమిదో వంతు అంగుళం మోటార్ సైకిళ్లకు అనువైనది. అర అంగుళం డ్రైవ్ జీపులు, కార్లు, ట్రాక్టర్ల పనికి అవసరం. లారీ చక్రాల నట్లకు అది కూడా చాలదు. ముప్పావు అంగుళం లేదా అంగుళం డ్రైవ్ కావాలి. బైలాడిల్లా ప్రాంతంలో ఖనిజం మోసే లారీలు, కేష్కాల్ ఘాట్ ఎక్కి దిగే సరుకు లారీల పని చేయదలచినవారికి, మోటార్ సైకిళ్ల కోసం కూర్చిన సెట్టు ఎంత చవకగా దొరికినా ఉపయోగం లేదు.

తరువాత చూడవలసినవి కొలతలు. ఎనిమిది మిల్లీమీటర్ల మందమున్న బోల్టుకు జపాన్ పద్ధతిలో రూపొందిన బండ్లలో తల 12 ఉంటే, అంతర్జాతీయ ప్రమాణం పాటించే బండ్లలో 13 ఉంటుంది. పది మిల్లీమీటర్ల బోల్టుకు బండిని బట్టి 14, 16, 17 మూడూ ఎదురవుతాయి. అందుచేత 8, 10, 12, 13, 14, 16, 17, 18, 19 వరుసలో నడుమ ఏ అంకెనూ ఎగరగొట్టని సెట్టే నమ్మదగినది. చవక సెట్లలో సరిగ్గా ఇక్కడే ఖాళీలు ఉంటాయి. స్పార్క్ ప్లగ్ సాకెట్ కూడా బండిని బట్టి మారుతుంది. 16, 21 కొలతలు సాధారణం. ఉన్నది ఏదో అడిగి తెలుసుకోవాలి.

కొన్ని సెట్లలో సగం సాకెట్లు అంగుళాల కొలతలో ఉంటాయి. నేటి భారతీయ వాహనాలకు అవి దాదాపు అక్కరకు రావు. పాత ట్రాక్టర్లలో కొన్నింటికి మాత్రం అవే కావాలి. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ నట్టుకు 13 సాకెట్ వేస్తే పట్టినట్టే ఉంటుంది కాని గట్టిగా తిప్పినప్పుడు జారి మూలలు అరిగిపోవచ్చు.

ఉక్కును చేతితో చూడటం

మంచి పానాలను క్రోమ్ వెనేడియం ఉక్కుతో చేస్తారు. అయితే ఆ పేరు ముద్రించి ఉన్నంత మాత్రాన నాణ్యత రుజువు కాదు. గొడ్డలికి పదును పట్టే కమ్మరికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఒకే ఇనుమును కాల్చి చల్లార్చే తీరును బట్టి ఒకటి గట్టిపడుతుంది, ఒకటి పెళుసవుతుంది. మెత్తగా మిగిలిన సాకెట్ నోరు తెరుచుకుంటుంది. పెళుసైనది చిట్లి చేతిని గాయపరుస్తుంది. ఏది ఎలా ఉన్నదో కంటితో పూర్తిగా తేల్చలేకపోయినా, నాసిరకాన్ని పట్టించే గుర్తులు కొన్ని ఉన్నాయి.

కొలత అంకె, తయారీదారు గుర్తు లోహంలో లోతుగా పడి ఉండాలి. పైన రంగుతో అచ్చు వేసినవి కొద్ది నెలలకే చెరిగిపోతాయి. సాకెట్ గోడ చుట్టూ ఒకే మందంలో ఉండాలి. ఒక పక్క పలుచగా ఉంటే రంధ్రం నడిమధ్య పడలేదని అర్థం. కొత్త బోల్టు ఒకటి వెంట తీసుకెళ్లి సాకెట్‌లో పెట్టి కదిపి చూడాలి. ఎక్కువ ఊగితే ఆ సెట్టు వద్దు. లోపల ఆరు మూలలున్న సాకెట్, పన్నెండు మూలలున్న దాని కంటే నట్టు చదును భాగాలను గట్టిగా పట్టుకుంటుంది. తుప్పు పట్టిన నట్లతో రోజూ పోరాడేవారికి ఆరు మూలలదే తగినది. పూత పొరలుగా లేచినచోట వానాకాలం రాగానే తుప్పు మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు తడిసే బస్తర్‌లో ఇది చిన్న లోపం కాదు.

పానాలకు భారతీయ ప్రమాణాలు కూడా ఉన్నాయి. రెండు పక్కలా నోరు తెరిచి ఉండే పానాలకు ఐఎస్ 2028, రింగు పానాలకు ఐఎస్ 2029 వర్తిస్తాయి. ఆ ప్రమాణాన్ని పేర్కొన్న తయారీదారును దాని ప్రకారమే నిలదీయవచ్చు.

మరొక జాగ్రత్త ప్రాణానికి సంబంధించినది. మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి పనికి ఉద్దేశించినవి. గాలి ఒత్తిడితో లేదా బ్యాటరీతో కొట్టి తిప్పే ఇంపాక్ట్ యంత్రాలకు తగిలిస్తే అవి ముక్కలై ఎగిరిపడవచ్చు. ఆ పనికి నల్లని ఇంపాక్ట్ సాకెట్లనే, విడిగా కొనాలి.

రాచెట్: ముందు చెడేది ఇదే

సెట్టు మొత్తంలో కదిలే భాగాలు ఎక్కువగా ఉన్నది రాచెట్ హ్యాండిల్‌కే. అందుకే ముందు చెడేదీ అదే. దాని లోపల పళ్లు 24 ఉంటే ఒక్కో పట్టుకు 15 డిగ్రీలు తిప్పాలి. 72 ఉంటే 5 డిగ్రీలు చాలు. ఇంజను మూలల్లో చేయి ఆడని చోట ఈ తేడా తెలుస్తుంది. అయితే పళ్లు ఎక్కువైనంత మాత్రాన బలం ఎక్కువని కాదు. దుకాణంలోనే రెండు వైపులా తిప్పి చూడాలి. మీట మార్చినప్పుడు గట్టిగా కూర్చోవాలి, పట్టు మధ్యలో జారకూడదు.

బిగిసిపోయిన నట్టు మీద రాచెట్‌కు పైపు తొడిగి లాగితే లోపలి పళ్లు విరుగుతాయి. ఆ పనికి టీ హ్యాండిల్ లేదా పొడవాటి కడ్డీ హ్యాండిల్ కావాలి. సెట్టులో అది ఉంటే విలువ పెరిగినట్టే. లేకపోతే దాని ధరను కూడా సెట్టు ధరకు కలిపి చూసుకోవాలి.

దూరమూ ధరలో భాగమే

జగదల్‌పూర్ నుంచి ఒకవైపు రాయపూర్, మరోవైపు విశాఖపట్నం ఇంచుమించు మూడేసి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. జీవితకాల వారంటీ అని రాసిన పెట్టె కొన్నప్పుడు, విరిగిన పీసును ఎవరు తీసుకుంటారు, పంపే ఖర్చు ఎవరిది, రాచెట్‌కు కూడా ఆ హామీ వర్తిస్తుందా అని అడగాలి. రాచెట్‌ను, బిట్లను మినహాయించే వారంటీలు ఉంటాయి. వంద రూపాయల సాకెట్ మార్చుకోవడానికి రెండు వందలు ఖర్చయితే ఆ హామీ కాగితానికే పరిమితం.

విడి పీసులు ఊళ్లో దొరికే బ్రాండ్ కొంచెం ఎక్కువ ధరకు వచ్చినా చివరికి చవకే. పోయిన పది నంబరు సాకెట్ ఒక్కటీ దొరకక సెట్టంతా మళ్లీ కొనడం కంటే అది మేలు. కోంటా, భోపాలపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు భద్రాచలం నుంచో, కిరందుల్ రైలు మార్గం మీదుగా విశాఖ నుంచో బంధువుల చేత పనిముట్లు తెప్పించుకుంటే, బిల్లు కొన్నవారి పేరున ఉన్నదా, వారంటీ ఆ ఒక్క దుకాణానికే పరిమితమా అన్నది ముందే చూసుకోవాలి.

మోసపోతే దారి

ఆన్‌లైన్ అమ్మకాల్లో గడియారం చూపి తొందరపెట్టడం, నిల్వ అయిపోతున్నదని లేనిపోని హెచ్చరికలు ఇవ్వడం కూడా నియమ విరుద్ధమే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకాలు ఇటువంటి 13 మోసపు పద్ధతులను పేర్కొన్నాయి. అందులో తప్పుడు తొందర ఒకటి.

షెడ్డు కోసం కొన్నందువల్ల తాను వినియోగదారుడు కానేమోనన్న సందేహం చాలామంది మెకానిక్‌లకు ఉంటుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని స్వయంగా వాడుకొనే వస్తువుకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. పరిష్కారం దొరకకపోతే తాను నివసించే లేదా పని చేసే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. అమ్మిన సంస్థ ఎక్కడ ఉన్నా ఆ ఊరికి వెళ్లనక్కరలేదు. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. వీటన్నిటికీ ఆధారం బిల్లే. బిల్లు లేకుండా ఇంకాస్త తగ్గిస్తామనే మాటకు ఒప్పుకొంటే ఈ దారులన్నీ మూసుకుపోయినట్టే.

ఎవరు కొనాలి, ఎవరు ఆగాలి

పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ఈ-వోచర్లు ఇస్తారు. కాని ఆ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరి, తాళాలు చేసేవారు ఉన్నారు. మోటారు మెకానిక్ లేడు. కాబట్టి కొత్తగా షెడ్డు పెట్టేవారికి చేతి డబ్బో, 50,000 రూపాయల వరకు ఇచ్చే ముద్రా శిశు రుణమో ఆధారం. అప్పు చేసి కొన్న పెట్టెలో సగం పీసులు వాడకుండానే ఉండిపోతే, వాటి మీద కూడా వడ్డీ కడుతున్నట్టే.

అనేక రకాల బండ్లు వచ్చే షెడ్డుకు, ఖాళీలు లేని కొలతలతో, ఊళ్లో విడి పీసులు దొరికే సెట్టు తగ్గింపులో లభిస్తే కొనడం లాభమే. మోటార్ సైకిళ్ల పనితో మొదలుపెట్టేవారికి మాత్రం పది పన్నెండు మంచి సాకెట్లు, ఒక టీ హ్యాండిల్, ఒక రాచెట్, రింగు పానాల వరుస, ఒక మంచి స్క్రూడ్రైవర్ చాలు. మిగిలినవి పని అడిగినప్పుడు ఒక్కొక్కటిగా కొనుక్కోవచ్చు. ఇంటి బండికి ఏడాదికి రెండు మూడు సార్లు పానా పట్టేవారికి పెద్ద సెట్టు అవసరమే లేదు.

దుకాణానికి వెళ్లే ముందు ఒక కాగితం మీద గత నెలలో వాడిన, లేక అరువు తెచ్చుకున్న పానాల కొలతలు రాసుకోవడం అన్నిటికంటే సులువైన పరీక్ష. ఆ జాబితాలోనివి పెట్టెలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, చెల్లించే మొత్తాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఆ సెట్టు అసలు ధర.