రామప్ప రుద్రేశ్వరుడు – కంబుజదేశ దేవాలయములు
(శిలపై చదువవలసిన పురాణము)



దేవాలయమునకు వెళ్ళినవారు ముందుగా ధ్వజస్తంభమునకు నమస్కరించి, ప్రదక్షిణము చేసి, ఆ పిమ్మటనే గర్భాలయమున స్వామిని దర్శింపవలెనని పెద్దలు ఏర్పరచినారు. దర్శనమునకు ముందే ప్రదక్షిణమేల? స్వామి లోపల ఒక్కచోటనే కొలువై ఉన్నాడు. ఆయన లీలలు మాత్రము బయట గోడల చుట్టును పరచుకొని ఉన్నవి. ఆ లీలలను కన్నులారా చదువుకొని, మనస్సును నింపుకొని, అప్పుడు లోపలికి పోవలెనని ఈ నియమమునకు తాత్పర్యము. నేడు మనము చేయు ప్రదక్షిణములో కాళ్ళు తిరుగుచున్నవి, పెదవులు లెక్క పెట్టుచున్నవి, కన్నులు మాత్రము క్యూ ఎంత పొడవున్నదో చూచుచున్నవి.

మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల భక్తులలో కొందరు కాంబోడియా దేశమునకు యాత్ర చేసి వచ్చినారు. అందులో ఒక పెద్దమనిషి సత్సంగమున లేచి, “స్వామీ, అక్కడి ఆంకోర్ దేవాలయమున క్షీరసాగర మథనము, కురుక్షేత్ర యుద్ధము గోడలనిండ చెక్కి ఉన్నవి. మనకు ఇంత దగ్గరలో అటువంటిది ఏదైన కలదా?” అని అడిగినారు. ఆ ప్రశ్నకు సమాధానముగా ఈ నాలుగు మాటలు.

ఉన్నది. ఉప్పల్ మీదుగా భువనగిరి, జనగామ, హన్మకొండ దాటి ములుగు చేరి, అక్కడినుండి పాలంపేటకు పోయినచో రుద్రేశ్వరాలయము కనబడును. లోకము దానిని రామప్ప గుడి యని పిలుచును. యాదగిరిగుట్టకు ఎన్నిమార్లో వెళ్ళిన మనలో, ఆ దారినే మరికొంత ముందుకు సాగి పాలంపేట చూచినవారు ఎందరున్నారో మీరే లెక్క వేసికొనుడు.

నేను పాఠశాలలో చదువుకొను రోజులలో మా గురువుగారు శిష్యులను అక్కడికి తీసికొనిపోయినారు. ఇటీవల మన భక్తబృందముతో మరల వెళ్ళితిని. ఆనాడు గురువుగారు మమ్ములను నేరుగా గుడిలోనికి పోనీయక, ఆవరణలోని శాసనస్తంభము ఎదుట నిలిపినారు. నున్నని నల్లరాతి స్తంభము. నాలుగు ముఖముల సంస్కృత శాసనము. “కట్టినవాడు ఏమి చెప్పినాడో వినకుండ కట్టడమును చూచిన, ఉత్తరము విప్పకుండ కవరు చూచినట్లే” అని ఆయన అన్నమాట నాకు నేటికిని గుర్తున్నది.

ఆ శాసనము చెప్పునది ఇది. శాలివాహన శకము 1135, శ్రీముఖ సంవత్సరము, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారము, పుష్యమీ నక్షత్రము. ఇంగ్లీషు లెక్కకు క్రీ.శ. 1213 మార్చి 31. ఆనాడు రేచర్ల రుద్రుడను సేనాని ఇక్కడ శివుని ప్రతిష్ఠించెను. ఈ రుద్రుడు ఎవడు? ఓరుగల్లు ప్రభువగు మహాదేవుడు యాదవులతో యుద్ధములో మరణించి, కుమారుడగు గణపతిదేవుడు శత్రువుల చేత చిక్కినపుడు, సింహాసనము ఖాళీగా ఉన్నను దానిపై కన్ను వేయక, రాజ్యభారమును భుజమున మోసి, గణపతిదేవుడు తిరిగి వచ్చునంతవరకు కాపాడిన స్వామిభక్తుడు. గణపతిదేవుడు 1199 నుండి 1262 వరకు పాలించెను. అంతటి దీర్ఘ పాలనమునకు పునాది ఈ సేనాని నిజాయితీ. చేరువనే రామప్ప చెరువు. గుడి, చెరువు, ఊరు, ఈ మూడింటిని కలిపి నిలుపుట కాకతీయుల ధర్మము. దేవునికి నైవేద్యము పెట్టువాడు ప్రజలకు నీరు పెట్టవలెనని వారి భావము.

ఇప్పుడు కంబుజమునకు పోదము. ఆంకోర్ ప్రాంతమున బాంతే స్రేయి యను చిన్న దేవాలయము కలదు. గులాబి వన్నె ఇసుకరాయి. క్రీ.శ. 967 ఏప్రిల్ 22న అక్కడ త్రిభువనమహేశ్వరుడను పేర శివప్రతిష్ఠ జరిగెను. కట్టించినవాడు యజ్ఞవరాహుడను పండితుడు, రాజగురువు. ఆ దేశమున మహారాజులు కట్టించిన గుళ్ళు ఆకాశమంత ఉన్నవి. అయినను చెక్కడపు సొగసున ఈ గురువుగారి చిన్న గుడిని మించినది లేదని చూచినవారందరు చెప్పుదురు. మన దేశమున రామప్ప, వారి దేశమున బాంతే స్రేయి. ఒకటి సేనాని కట్టించినది, ఒకటి పండితుడు కట్టించినది. రెండును రాజులు కట్టించినవి కావు. శిల్పకళ కిరీటమును చూచి రాదు, శ్రద్ధను చూచి వచ్చునని దీనివలన గ్రహింపవలెను.

బాంతే స్రేయిలో రావణుడు కైలాసమును పెకలించు శిల్పమున్నది. మెట్లు మెట్లుగా కొండ. దానిపై ప్రమథులు, మునులు, మృగములు, అందరును బెదరి అటునిటు చూచుచున్నారు. పార్వతి స్వామిని గట్టిగా పట్టుకొన్నది. స్వామి మాత్రము నిశ్చలుడు. భయము ఎన్ని విధములుగా ఉండునో క్రిందనుండి పైవరకు చూపి, అభయము ఒక్కటే విధముగా ఉండునని పైన చూపినాడు ఆ శిల్పి. మరియొకచోట శివతాండవము, ప్రక్కనే శుష్కించిన దేహముతో ఒక స్త్రీమూర్తి. ఆమె తమిళదేశపు కారైక్కాల్ అమ్మైయార్ అని పండితులు గుర్తించినారు. తమిళనాట పుట్టిన భక్తురాలి కథ సముద్రము దాటి కంబుజపు రాతిలో కూర్చున్నది! ఆ కథను మోసికొనిపోయినది కంఠములు. ఆ దేశమున దొరికిన పురాతన శాసనమొకటి సోమశర్మ యను విప్రుడు రామాయణమును, పురాణమును, సంపూర్ణ భారతమును దేవాలయమునకు సమర్పించి, ప్రతిదినము విడువక పారాయణము జరుగునట్లు ఏర్పాటు చేసెనని చెప్పుచున్నది. ముందు పారాయణము, తరువాత శిల్పము. చెవి విననిదానిని ఉలి చెక్కలేదు.

ఆంకోర్ వాట్ సంగతి జగత్ప్రసిద్ధము. రెండవ సూర్యవర్మ 12వ శతాబ్దమున విష్ణువునకు నిర్మించిన మహాలయము అది. తూర్పు మండపపు గోడపై క్షీరసాగర మథనము సుమారు 49 మీటర్ల పొడవున సాగును. ఒకప్రక్క దేవతలు, ఒకప్రక్క అసురులు, నడుమ విష్ణుమూర్తి, క్రింద కూర్మము, పైన అప్సరసలు. వేరొక గోడపై యమధర్మరాజు, చిత్రగుప్తుడు. స్వర్గములు 37, నరకములు 32. ఏ పాపమునకు ఏ నరకమో వారి భాషలో వ్రాసి ఉంచినారు. గోడలపై దేవతా స్త్రీమూర్తులు 1,700కు పైగా ఉన్నవి.

రామప్పలోను క్షీరసాగర మథనము కలదు. రంగమండపపు దూలములపై త్రిపురసంహారము, గిరిజాకల్యాణము మొదలగు వాటితోపాటు చిన్న పట్టికగా ఉన్నది. ఆంకోర్‌లో నడచి చదువవలెను, ఇక్కడ తల ఎత్తి నిలిచి చదువవలెను. ఏది గొప్ప? వేదపాఠశాలలో సంహితాపాఠము కలదు, ఘనపాఠము కలదు. సంహితలో మంత్రము ఉన్నది ఉన్నట్లు సాగును. ఘనలో అవే పదములు ముందునకు వెనుకకు అల్లుకొని ఎంతో విస్తరించును. మంత్రము మాత్రము ఒక్కటే. ఆంకోర్ ఘనపాఠము, రామప్ప సంహితాపాఠము. ఘన విన్నవాడు సంహితను చిన్నచూపు చూడడు. సంహిత తెలియనివానికి ఘన అసలే తెలియదు.

రామప్ప శిల్పి రాతిని ఎట్లు ఎంచుకొన్నాడో చూడుడు. గోడలకు ఎర్రని ఇసుకరాయి. సూక్ష్మమైన పని ఉన్న స్తంభములకు, మదనికలకు గట్టి నల్లరాయి. శిఖరమునకు నీటిపై తేలునంత తేలికయైన ఇటుక. పైబరువు తగ్గవలెనను ఉపాయమది. పునాదిలో ఇసుక నింపినారు. నక్షత్రాకారపు పీఠముపై గుడి నిలిచియున్నది. కాలక్రమమున నేల కుంగి, మండపపు రాళ్ళు ఎత్తుపల్లములైనను ఎనిమిది వందల ఏండ్లు దాటి గుడి నిలబడినది. తేలికగా ఉండవలసినది పైన, ఒదుగుటకు వీలైనది క్రింద. గృహస్థులకు కూడ ఇది పాఠమే.

ఇక మదనికల మాట. చూరు క్రింద, స్తంభముల భుజములనుండి ఏటవాలుగా వంగి నిలిచిన పన్నెండు స్త్రీమూర్తులు. “దేవాలయమున ఈ నాట్యకత్తెలు ఎందుకు?” అని కొందరు పెద్దలు ముఖము త్రిప్పుకొందురు. నాట్యమునకు ఆద్యుడు నటరాజే కదా! గణపతిదేవుని గజసైన్యాధిపతి జాయపసేనాని 13వ శతాబ్దమున నృత్తరత్నావళి యను నాట్యశాస్త్రగ్రంథము వ్రాసెను. యుద్ధములో ఏనుగులను నడపినవాడే అంగహారములకు లక్షణము చెప్పినాడు. ఆ గ్రంథమును, రామప్ప శిల్పములను కలిపి చదివి డాక్టర్ నటరాజ రామకృష్ణగారు పేరిణి తాండవమును మన కాలమున పునరుద్ధరించినారు. గ్రంథములో మాట, రాతిలో రూపము, రెండును మిగిలియుండుటచేతనే ఆ నాట్యము మరల కాలికి గజ్జె కట్టినది. ఒక్కటి పోయినను మనకు దక్కియుండెడిది కాదు. ముఖము త్రిప్పుకొనువారు ఈ సంగతి ఆలోచింపవలెను.

ఇప్పుడు నా మనస్సును బాధించు విషయమునకు వచ్చుచున్నాను.

ద్వారము చెంత పొన్నచెట్టు క్రింద వేణువూదు కృష్ణుని శిల్పమున్నది. రాతిని మీటిన స్వరము పలుకునని దానికి పేరు. మొన్న మేము వెళ్ళినపుడు వచ్చినవారిలో చాలమంది దానిని వ్రేళ్ళతో, ఉంగరములతో, ఒకరైతే తాళముచెవితో కొట్టి చూచినారు. కృష్ణుని కథ ఏదని అడిగినవారు లేరు. నంది ముందు ఫోటో తీసికొనుటకు ఒకరినొకరు త్రోసికొనుచున్నారు. ఆ నంది చెవి ఒకప్రక్కకు రిక్కించి, ప్రభువు ఎప్పుడు పిలుచునా యని సిద్ధముగా ఉన్న సేవకునివలె కూర్చున్నదని గమనించినవారు అరుదు. మరికొందరు భక్తి పేర నూనె, కుంకుమ చెక్కడములకు పులుముచున్నారు. ఎనిమిది వందల ఏండ్ల వానకు అరుగని రాయి మన వ్రేళ్ళకు అరుగును.

కంబుజదేశమున 14వ శతాబ్దము తరువాత సంస్కృత శాసనములు ఆగిపోయినవి. ఆ శతాబ్దమునందే, 1323లో, ఓరుగల్లు రాజ్యమును అస్తమించినది. ఆ దేశస్థులు బౌద్ధులై నేటికిని ఆంకోర్‌ను భక్తితో కాపాడుకొనుచున్నారు; తమ జాతీయ పతాకముపై ఆ గోపురములను నిలుపుకొన్నారు. మన భారత పురావస్తు శాఖవారు కూడ 1986 నుండి 1993 వరకు అక్కడ మరమ్మతు పనులు చేసినారు. అక్కడ పారాయణము ఆగినను రాయికి గౌరవము తగ్గలేదు. మనకన్ననో, పూజ ఆగలేదు, భాష ఆగలేదు, పురాణము ఆగలేదు. రుద్రేశ్వరునకు నేటికిని అభిషేకము జరుగుచున్నది. 2021 జూలై 25న యునెస్కోవారు రామప్పను ప్రపంచ వారసత్వముగా గుర్తించినారు. ఇన్ని ఉండియు, మన పిల్లవాడు ఆ దూలముక్రింద నిలిచి “ఇదేమి బొమ్మ?” అని అడిగినపుడు తండ్రి జవాబు చెప్పలేనిచో, మన ఊరి గుడిలోనే మనము విదేశీ యాత్రికులమైపోవుచున్నాము. రాయి పగిలిన అతికించువారు ఉన్నారు. కథ తెగిన అతికించుట కష్టము.

కనుక నాలుగు మాటలు విన్నవించుచున్నాను. రామప్పకు గాని, వేయిస్తంభముల గుడికి గాని పోవుటకు ముందురోజు ఇంటిలో క్షీరసాగర మథనము, త్రిపురసంహారము కథలు పిల్లలకు చెప్పుడు. అక్కడ మూడు ప్రదక్షిణములు చేయుడు. మొదటిది క్రింది వరుసలోని ఏనుగులను చూచుచు, రెండవది గోడలను, మూడవది తల యెత్తి మదనికలను చూచుచు. చేతులు జోడించియే ఉంచుడు. జోడించిన చేయి రాతిని తాకదు. తిరిగి వచ్చిన పిమ్మట ప్రతి బిడ్డచేతను తాను చూచిన ఒక్క శిల్పము కథ చెప్పించుడు.

ఇక్కడ కూడ చేయదగిన పని కలదు. మన కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి ఆలయము కాకతీయుల కాలమునాటిదని స్థలపురాణము చెప్పుచున్నది. వేటకు వచ్చిన రాజుకు అడవిలో రామనామము వినబడెనను ఆ కథ మన కాలనీలలోని పిల్లలలో ఎందరికి వచ్చును? మన వీధులలో క్రొత్తగా కట్టు గుళ్ళలో గోపురముపై బొమ్మలు నిలిపి రంగులు వేయించుచున్నాము. వాటి క్రింద ఏ దేవుడో, ఏ ఘట్టమో రెండు పంక్తుల తెలుగులో వ్రాయించినచో ఖర్చు స్వల్పము, ఫలము అనంతము. కంబుజ శిల్పులు నరకముల పేర్లు వ్రాసినారు. మనము స్వామి లీలల పేర్లయిన వ్రాయలేమా?

యజ్ఞవరాహుడు, రేచర్ల రుద్రుడు ఒకరినొకరు ఎరుగరు. వారి నడుమ సముద్రము, రెండున్నర శతాబ్దములు. ఇద్దరును తమ ధనమును, తమ విద్యను ఒకే స్వామి పాదముల చెంత రాతిలో పోసినారు. వారు వ్రాసిన గ్రంథమును విప్పి చదువుటయే మనవంతు. ఆ రుద్రేశ్వరుడు మనకందరకు చూచు కన్నును, చెప్పు వాక్కును ప్రసాదించుగాక!

శుభం భూయాత్.