పోలీసు చర్య తరువాత హైదరాబాదు: ఒక పరిశీలన

యుద్ధం ఆగిన దేశంలో శాంతి భద్రతలు నెలకొల్పడానికి ఐక్యరాజ్య సమితి ఇతర దేశాల పోలీసులను పంపుతుంది. 1964లో సైప్రస్‌కు, 1989లో నమీబియాకు, 1999లో కొసోవోకు అలా పంపింది. బయటి పోలీసులతో పరిపాలన సాగితే ఏమవుతుందో తెలుగు నేల అంతకు ముందే చూసింది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. సైన్యం జరిపిన ఈ దాడికి పెట్టిన పేరు మాత్రం "పోలీసు చర్య". 18న నిజాం సేనాపతి ఎల్ ఎడ్రూస్ సికింద్రాబాదులో మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయారు. చౌధురి సైనిక గవర్నరయ్యారు. మద్రాసు, బొంబాయి తదితర రాష్ట్రాల నుండి అధికారులను, పోలీసులను రప్పించారు.

రజాకార్ల దౌర్జన్యాలు అంతమయ్యాయి. కాని అమాయక ముస్లింలకు రక్షణ కరువైంది. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ల బృందం ఆ ఏడాది చివర జిల్లాలు తిరిగింది. తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 మంది మరణించారని అంచనా వేసింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులే లూటీలను ప్రోత్సహించారని రాసింది. ముస్లిం పొరుగువారిని ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువుల గురించీ రాసింది. ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించలేదు.

స్థానికేతరుల పెత్తనంపై అసంతృప్తి ముస్లింలకే పరిమితం కాలేదు. 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళనకారులపై హైదరాబాదు సిటీ కాలేజీ వద్ద పోలీసు కాల్పులు జరిగాయి. ఈసారి మాత్రం జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి చేత విచారణ జరిపించారు.

కొసోవోలో 1999లోనే పోలీసు పాఠశాల తెరిచి అల్బేనియన్లకు, సెర్బులకు కలిపి శిక్షణ ఇచ్చారు. బయటివారు కొంతకాలమే కాపలా కాయగలరు. బాధితుని ఫిర్యాదు విని, నిజాన్ని బయటపెట్టి, అన్ని వర్గాల వారినీ పోలీసు శాఖలో చేర్చుకున్నప్పుడే ప్రజలకు నమ్మకం కుదురుతుంది.